దూరదేశములతో వర్తకము: న్యూజిలాండు వెన్న కథ

సంతలో కొనువాడును అమ్మువాడును ఎదురెదురుగా నిలిచి బేరమాడుదురు. సరకు చేతికి తీసికొని చూడవచ్చును. నచ్చనిచో ప్రక్క అంగడికి పోవచ్చును. నాలుగు మాటలలో బేరము తెగిపోవును. కాని కొనువాడు భూగోళమునకు ఒక వైపునను, అమ్మువాడు దానికి దాదాపు సరిగా అవతలి వైపునను ఉన్నప్పుడు నాలుగు మాటలు చాలవు. అట్టి బేరమునకు నాలుగేండ్లు పట్టవచ్చును, పదునైదేండ్లును పట్టవచ్చును. ఇద్దఱు వర్తకులకు బదులు రెండు ప్రభుత్వములు కూర్చుండి ఆ బేరము సాగింపవలసి యుండును. దీనినే నేడు స్వేచ్ఛా వాణిజ్య సంప్రదింపులు అనుచున్నారు.

ఈ మాట పత్రికలలో తఱచుగా కనబడుచున్నది, వార్తలలో వినబడుచున్నది. మంత్రులు కరచాలనము చేసికొనుట, కాగితములపై సంతకములు పెట్టుట మనము చూచుచునే యున్నాము. ఐతే ఆ కాగితముల మీద వ్రాసియున్న అంకెలు ఎవరి వంటింటిలోనికి, ఎవరి పశువుల కొట్టములోనికి పోయి పనిచేయునో సామాన్యముగా తెలియదు. దానిని తెలిసికొనుటకు సిద్ధాంతముల కంటె ఒక దేశపు అనుభవము మేలని మేము తలంచితిమి. ఆ దేశము న్యూజిలాండు. ఆ సరకు వెన్న.

న్యూజిలాండు దక్షిణ పసిఫిక్ మహాసముద్రములోని ద్వీపదేశము. లండను నగరమునకును ఆ దేశపు రాజధాని వెల్లింగ్టనునకును నడుమ ఆకాశమార్గమున సుమారు 19 వేల కిలోమీటర్ల దూరము గలదు. భూమిమీద ఇంతకంటె ఎక్కువ దూరమున ఉండుట దాదాపు అసాధ్యము. ఐనను సుమారు తొంబదియేండ్లపాటు ఇంగ్లండు ప్రజలు ఉదయమున రొట్టెకు రాచుకొన్న వెన్నలో గొప్ప భాగము ఆ ద్వీపముల నుండియే వచ్చెడిది. ఈ విచిత్రము ఎట్లు సాధ్యమయ్యెనో మొదట తెలిసికొందము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులు న్యూజిలాండులో స్థిరపడిన పిదప అచ్చట గొఱ్ఱెలను పెంచి ఉన్నిని ఎగుమతి చేసిరి. ఉన్ని చెడదు గనుక నెలల తరబడి ఓడలో నున్నను భయము లేదు. మాంసము, వెన్న అట్టివి కావు. గొఱ్ఱెలు ఎన్ని యున్నను తినుటకు అచ్చట జనము లేదు. లండనులో జనమున్నను అచ్చటికి మాంసము చేరదు. ఈ చిక్కును శీతలీకరణ యంత్రము విప్పినది. 1882 ఫిబ్రవరి 15వ తేదీన 'డనీడిన్' అను తెరచాప ఓడ దక్షిణ ద్వీపమందలి పోర్ట్ చామర్స్ రేవునుండి సుమారు అయిదువేల గొఱ్ఱెల మాంసముతో బయలుదేరెను. ఉష్ణమండలమును దాటునప్పుడు గాలి లేక ఓడ నిలిచిపోయెను. చల్లని గాలి సరకుగదిలో సరిగా ప్రసరింపలేదు. ఓడ నాయకుడు స్వయముగా గదిలోనికి ప్రాకి గాలి గొట్టములకు క్రొత్త రంధ్రములు కోసి, చలికి స్తంభించిపోగా, అతని కాలికి త్రాడు కట్టి తోడివారు వెలికి లాగిరి. మే నెల 24వ తేదీన ఓడ లండను చేరినది. అంత సరకులో చెడిపోయినదని త్రోసివేసినది ఒక్క గొఱ్ఱె మాంసము మాత్రమే.

ఆ ఒక్క ప్రయాణము దేశపు రూపమునే మార్చివేసినది. వెన్న, చీజు, మాంసము అను మూడు సరకులమీద న్యూజిలాండు తన బ్రతుకును కట్టుకొన్నది. అచ్చటి వాతావరణము దీనికి అనుకూలించెను. ఏడాది పొడవునను పచ్చగడ్డి పెరుగును. పశువులు శీతకాలమున సయితము బయలులోనే మేయును. కొట్టములు కట్టి, దాణా కొని పోషింపవలసిన ఐరోపా రైతుకంటె అచ్చటి రైతుకు పాలు చౌకగా పడును. పెద్ద యోడలలో ఒక బుట్టెడు వెన్నకు పడు రవాణా ఖర్చు స్వల్పము. అందుచే సముద్రములు దాటి వచ్చిన వెన్న ప్రక్క జిల్లా వెన్నకంటె లండను అంగడిలో చౌకగా అమ్ముడుపోయెడిది. దూరదేశముల వర్తకములో దూరమొక్కటే అడ్డంకి కాదని దీనివలన తేలుచున్నది. దూరమును యంత్రము జయించెను. దానికంటె గట్టి అడ్డంకి వేఱొకటి గలదు. అది సుంకము.

సుంకమనగా దేశపు గుమ్మమున కూర్చున్న తహశీలుదారు వసూలు చేయు పన్ను. విదేశపు సరకు లోనికి వచ్చునప్పుడు దాని వెలపై కొంత చేర్చినచో స్వదేశపు సరకునకు రక్షణ కలుగును. న్యూజిలాండు వెన్నకు ఇంగ్లండు గుమ్మమున చాలకాలము అట్టి పన్ను లేదు. 1932లో కెనడాలోని ఒట్టావా నగరమున బ్రిటిష్ సామ్రాజ్య దేశములు సమావేశమై, సామ్రాజ్యములోని సరకులకు సుంకములలో మినహాయింపులను, వెలుపలి సరకులకు పన్నులను ఏర్పఱచుకొనెను. రెండవ ప్రపంచయుద్ధము మొదలైన 1939 నుండి 1954 వఱకు బ్రిటిష్ ప్రభుత్వమే న్యూజిలాండు వెన్నను, మాంసమును మూకుమ్మడిగా కొనివేసినది. రైతు పాలు పితికి సహకార సంఘపు కర్మాగారమునకు పంపినచో చాలును. కొనువాడు ఎవడని వెదకవలసిన పని లేదు. 1950లో ఆ దేశపు ఎగుమతులలో మూడింట రెండు వంతులు ఒక్క బ్రిటనుకే పోయినవి. 1960 ప్రాంతమున వెన్నలోను, చీజులోను, గొఱ్ఱెపిల్ల మాంసములోను పదింట తొమ్మిది వంతులు అచ్చటికే చేరుచుండెను.

ఇది సుఖమైన జీవితమే. కాని ఒకే గిరాకీదారు కలిగిన అంగడి ఎంత గట్టిదో అంత బలహీనమైనది. ఆ గిరాకీదారు ఒకనాడు వీధి మార్చినచో అంగడి ఏమగును? సరిగా అట్లే జరిగినది.

1957లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, హాలెండు, లక్సెంబర్గు అను ఆఱు దేశములు రోము నగరమున ఒక సంధి చేసికొని ఉమ్మడి మార్కెట్టును స్థాపించెను. తమలో తమకు సుంకములు లేవు. వెలుపలివారికి మాత్రము అందఱిదియు ఒకే గోడ. వ్యవసాయ విషయమున ఆ గోడ మరింత ఎత్తుగా కట్టబడినది. లోపలి రైతుకు ఇంత ధర ముట్టవలెనని ముందుగా నిర్ణయింతురు. వెలుపలి సరకు ఎంత చౌకగా వచ్చినను, ఆ నిర్ణయించిన ధరకును దానికిని గల తేడాను సుంకముగా వసూలు చేయుదురు. అనగా వెలుపలి రైతు ఎంత నేర్పుతో ఖర్చు తగ్గించుకొన్నను ఆ లాభము అతనికి దక్కదు. దీనిలో ఐరోపా నాయకులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. యుద్ధకాలమున ఆకలి చూచిన ఖండమది. తిండికై ఇతరులపై ఆధారపడరాదనియు, చిన్న కమతముల రైతులు పల్లెలు విడిచి పోరాదనియు వారు కోరుట సహజమే.

1961లో బ్రిటను ఈ ఉమ్మడి మార్కెట్టులో చేరుటకు దరఖాస్తు పెట్టెను. ఆ వార్త న్యూజిలాండులో పిడుగువలె పడినది. 1963 జనవరిలో ఫ్రాన్సు అధ్యక్షుడు జనరల్ డిగాల్ దానిని నిరాకరించెను. 1967లో రెండవ పర్యాయము వచ్చిన దరఖాస్తునకును అదే గతి పట్టినది. డిగాల్ 1969లో పదవి విడిచిన పిదప 1970లో సంప్రదింపులు మరల మొదలయ్యెను. ఈ సారి బ్రిటను లోనికి పోవుట దాదాపు నిశ్చయము. అప్పటికి న్యూజిలాండుకు దొరికిన పదేండ్ల గడువు ఒక భాగ్యమే. ఆ కాలములో అది జపాను, అమెరికా మున్నగు దేశములలో క్రొత్త గిరాకీదారులను కొంత వెదకికొనగలిగినది. ఐనను వెన్నకు, చీజుకు బ్రిటనును మించిన అంగడి దొరకలేదు.

ఆ సంప్రదింపులలో న్యూజిలాండుకు కూర్చుండుటకు కుర్చీ కూడ లేదు. బేరము బ్రిటనుకును ఆఱు దేశములకును నడుమ జరుగుచున్నది. జనసంఖ్య ముప్పదిలక్షలకు మించని దేశము, తన భవిష్యత్తు నిర్ణయింపబడు గదికి వెలుపల నిలిచి లోపలివారికి తన మాట వినిపింపవలసి వచ్చెను. ఆ పనిని ఉపప్రధానియగు జాన్ మార్షల్ నిర్వహించెను. ఆయన ఏండ్ల తరబడి ఐరోపా రాజధానుల చుట్టు తిరిగి ఒకే మాట చెప్పెను: రెండు ప్రపంచయుద్ధములలో ఐరోపా గడ్డపై తమ యువకులు పోరాడి మరణించిరి, ఇప్పుడు తలుపు ఒక్కసారి మూసినచో తమ దేశము కూలిపోవును, కావున సమయమిండు. ధర్మమును, లెక్కలను కలిపి చెప్పిన వాదమది. దానికి బ్రిటిష్ ప్రజాభిప్రాయము తోడయ్యెను. న్యూజిలాండును అన్యాయము చేసి చేరుటకు తమ పార్లమెంటు ఒప్పుకొనదని బ్రిటిష్ ప్రతినిధులు చెప్పగలిగిరి.

1971 జూను నెలలో లక్సెంబర్గు నగరమున, రాత్రి తెల్లవార్లు సాగిన చర్చల పిదప రాజీ కుదిరినది. 1972లో బ్రిటను చేరిక సంధికి అనుబంధముగా చేర్చిన 18వ ప్రోటోకోలులో ఆ రాజీని అంకెలలో వ్రాసిరి. 1973లో న్యూజిలాండు నుండి 1,65,811 టన్నుల వెన్నను బ్రిటనులోనికి రానిత్తురు. ఏటేట తగ్గించుచు 1977 నాటికి దానిని 1,38,176 టన్నులకు దింపుదురు. చీజు విషయమున కఠినముగా నుండిరి: 68,580 టన్నుల నుండి అయిదేండ్లలో 15,240 టన్నులకు తగ్గింపవలెను. 1973 జనవరి 1వ తేదీన బ్రిటను ఉమ్మడి మార్కెట్టులో చేరినది.

ఈ అంకెలను కొంచెము నిదానించి చూడవలసి యున్నది. వెన్నలో నూటికి సుమారు ఎనుబదిమూడు వంతులు నిలిచినవి. చీజులో నూటికి సుమారు ఇరువదిరెండు వంతులు మాత్రమే నిలిచినవి. ఒకదానిని కాపాడుకొనుటకు మఱొకదానిని వదలుకొనిరి. దూరదేశముల బేరములన్నియు ప్రాయికముగా ఇట్లే ముగియును. పూర్తిగా తెఱచిన తలుపు గాని, పూర్తిగా మూసిన తలుపు గాని ఉండదు. ఎన్ని టన్నులు, ఎన్ని యేండ్లు అను రెండు ప్రశ్నల చుట్టును బేరమంతయు తిరుగును. ఆ రెండింటిలో ఏండ్లే విలువైనవని మేము తలంచుచున్నాము. టన్నులు ఆ యేటి రాబడిని కాపాడును. ఏండ్లు కుటుంబమునకు వేఱు దారి వెదకికొను అవకాశము నిచ్చును. పాలకర్మాగారములో యంత్రములు మార్చుటకు, రైతు మందను మార్చుటకు, కుమారుడు వేఱు విద్య నేర్చుటకు కాలము కావలెను గదా!

తరువాతి కథలో కష్టములు లేకపోలేదు. బ్రిటను తలుపు మూసికొనిన ఏటనే చమురు ధరలు పెరిగినవి. ప్రభుత్వము రైతులకు సహాయధనములు ఇచ్చి కొంతకాలము నెట్టుకొని వచ్చెను. 1982 నాటికి ఆ దేశమున గొఱ్ఱెలు 7 కోట్లకు చేరెను. వాటి మాంసము కొనువారు మాత్రము తగ్గిరి. 1984లో వచ్చిన ప్రభుత్వము ఆ సహాయధనములను దాదాపు ఒక్కమాఱుగా తీసివేసినది. కొందఱు భూములు అమ్ముకొనిరి. ఊళ్లలో అంగళ్లు మూతపడెను. 1991 నాటికి పనిలేని వారు శ్రామికులలో నూటికి పదిమందికి మించిరి. నిలిచిన వారు పద్ధతులు మార్చుకొని నిలిచిరి. నేడు గొఱ్ఱెలు రెండున్నర కోట్లకు లోపుగా నున్నవి. పాడియావులు ఆనాటికంటె దాదాపు రెట్టింపైనవి. ఆవులు పెరిగినందున నదులలోని నీరు కలుషితమగుచున్నదని అచ్చట మఱియొక వివాదము నడచుచున్నది. వర్తకములో ప్రతి మార్పునకును ఎక్కడనో ఒకచోట ఖర్చు వ్రాయబడును.

వెన్న బేరము రాజకీయములలో ఎంతదూరము పోగలదో చూపు సంఘటన ఒకటి గలదు. ఫ్రాన్సు పసిఫిక్ సముద్రమున అణ్వస్త్ర పరీక్షలు జరుపుచుండగా, వానికి నిరసన తెలుపబోవుచున్న 'రెయిన్‌బో వారియర్' అను ఓడను 1985 జూలై 10వ తేదీన ఆక్లండు రేవులో ఫ్రెంచి గూఢచారులు ప్రేలుడు మందుతో ముంచివేసిరి. ఒక ఛాయాగ్రాహకుడు మరణించెను. దోషులను న్యూజిలాండు పట్టుకొని శిక్షించెను. వారిని విడిపించుకొనుటకు ఫ్రాన్సు ఒత్తిడి చేసినది. ఐరోపా మార్కెట్టులో వెన్నకు ఫ్రాన్సు అడ్డు తగులునను భయము న్యూజిలాండును పట్టుకొన్నది. ఉభయ దేశములు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిని మధ్యవర్తిగా ఒప్పుకొనెను. 1986లో ఆయన ఇచ్చిన తీర్పులో ఫ్రాన్సు క్షమాపణ చెప్పవలెననియు, 70 లక్షల డాలర్లు చెల్లింపవలెననియు ఉన్నది. దానితోపాటు 1987, 1988 సంవత్సరములలో న్యూజిలాండు వెన్న దిగుమతిని ఫ్రాన్సు వ్యతిరేకింపరాదనియు ఉన్నది. ఒక నేరమునకు చెప్పిన తీర్పులో వెన్నకు చోటు దొరకుట చరిత్రలో అరుదైన విషయము. చిన్న దేశమునకు ఒకే సరకు ప్రాణాధారమైనప్పుడు, ఆ సరకును పట్టుకొని దాని మెడను వంపవచ్చునని దీనివలన గ్రహింపవచ్చును.

ఈ పాఠమును న్యూజిలాండు మఱువలేదు. ఒక్క గుమ్మమున నిలిచి వేచియుండుటకు బదులు అనేక గుమ్మములు తట్టవలెనని నిశ్చయించుకొన్నది. 1983లో ఆస్ట్రేలియాతో సన్నిహిత ఆర్థిక సంబంధముల ఒడంబడికను అమలు పఱచినది. 1986 నుండి 1994 వఱకు సాగిన ఉరుగ్వే చర్చలలో వ్యవసాయ సరకులను కూడ అంతర్జాతీయ నియమముల క్రిందికి తెచ్చుటకై గట్టిగా పాటుపడినది. ఆ చర్చల ఫలితముగా 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినది. అంతవఱకు ఎప్పటికప్పుడు బ్రతిమాలి తెచ్చుకొనుచున్న ఐరోపా వెన్న కోటా అప్పటినుండి నియమబద్ధమైన హక్కుగా మారినది. 2008 ఏప్రిల్ 7వ తేదీన చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడికపై సంతకము చేసినది. అభివృద్ధి చెందిన దేశములలో చైనాతో అట్టి ఒడంబడిక చేసికొన్నవానిలో న్యూజిలాండే మొదటిది. ఇప్పుడు దాని సరకుల ఎగుమతులలో సుమారు నాలుగింట ఒక వంతు చైనాకే పోవుచున్నవి. బ్రిటనుకు పోవునది నూటికి అయిదు వంతులకు లోపే. ఒక్క కొనుగోలుదారుపై మరల ఆధారపడుచున్నామా అను శంక అచ్చటి ఆలోచనాపరులను బాధించుచునే యున్నది.

ఆ శంకయే వారిని పాత స్నేహితుల వైపునకు మరల నడిపించినది. బ్రిటను 2020లో ఐరోపా సమాఖ్యను విడిచిన పిదప న్యూజిలాండుతో సంప్రదింపులు మొదలిడి, 2022 ఫిబ్రవరి 28వ తేదీన ఒడంబడికపై సంతకము చేసెను. అది 2023 మే 31వ తేదీన అమలులోనికి వచ్చినది. వెన్న, చీజులపై బ్రిటిష్ సుంకములు అయిదేండ్లలో తొలగును. గొఱ్ఱె మాంసమునకు పదునైదేండ్ల గడువు పెట్టిరి. 1973లో మూయబడిన తలుపు ఏబదియేండ్లకు తిరిగి తెఱవబడినది. కాని ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు కొండలలో గొఱ్ఱెలు కాయువారు ఇప్పుడు కలత చెందుచున్నారు. ఒకనాడు న్యూజిలాండు రైతు కోరిన గడువే నేడు బ్రిటిష్ రైతు కోరి పొందినాడు.

ఐరోపా సమాఖ్యతో సంప్రదింపులు 2018 జూనులో వెల్లింగ్టను నగరమున ఆరంభమై 2022 జూను 30వ తేదీన ముగిసెను. 2023 జూలై 9వ తేదీన బ్రస్సెల్సులో సంతకములు జరిగెను. 2024 మే 1వ తేదీ నుండి ఒడంబడిక అమలులో నున్నది. ఒకవైపున 27 దేశములు, సుమారు 45 కోట్ల జనము. మఱియొకవైపున ఒక్క దేశము, 50 లక్షలకు కొంచెము మించిన జనము. ఇట్టి బేరములో ఎవరి మాట చెల్లునో ఊహింపవచ్చును. కివి పండ్లపై సుంకము మొదటి దినముననే తొలగెను. వెన్నకు మాత్రము ఏడేండ్లలో క్రమముగా పెరుగు 15 వేల టన్నుల అదనపు కోటాయును, చీజుకు 25 వేల టన్నుల కోటాయును లభించినవి. ఐరోపా గోమాంసపు గుమ్మము 10 వేల టన్నులకు మించి తెఱచుకొనలేదు. న్యూజిలాండు పాడిరైతుల సంఘములు, మాంస వర్తకులు ఆశాభంగము పొందినట్లు బహిరంగముగానే చెప్పిరి.

ఈ ఒడంబడికలో పేర్ల తగాదా యొకటి ఉన్నది. 'ఫెటా' యనునది గ్రీసు దేశపు చీజు. ఆ పేరు గ్రీకులకే చెందవలెనని ఐరోపావారు పట్టుపట్టిరి. తమ దేశమున అట్టి చీజు చేయువారు తొమ్మిదేండ్లలో ఆ పేరు విడిచిపెట్టునట్లు న్యూజిలాండు అంగీకరించెను. నేటి సంప్రదింపులు సుంకములతోనే ముగియవని దీనివలన తెలియుచున్నది. సరకు పేరు, పశువుల ఆరోగ్యము, శ్రామికుల హక్కులు, వాతావరణ రక్షణ, ఒక సరకు ఏ దేశమున పుట్టినట్లు లెక్కింపవలెనను నియమము, ఇవి యన్నియు బల్లమీదికి వచ్చును. ఒడంబడికలు వేల పుటలకు పెరుగుటకు కారణమిదియే.

ఇంతవఱకు చెప్పినది వేఱు దేశముల కథ. దీనితో మనకు సంబంధము లేదా? ఉన్నది. ఐరోపా ఉమ్మడి మార్కెట్టు ఎత్తైన ధరలతో తన రైతులను పోషించినందున పాలపొడి, వెన్న అచ్చట గుట్టలుగా పేరుకొనిపోయెను. న్యూజిలాండు వెన్నను వెనుకకు నెట్టినదియు ఆ గుట్టలే. 1970లో మన దేశమున ఆరంభమైన క్షీరవాహిని పథకమునకు, ప్రపంచ ఆహార కార్యక్రమము ద్వారా, ఆ గుట్టల నుండియే 1,26,000 టన్నుల పాలపొడియు 42,000 టన్నుల వెన్ననూనెయు దానముగా వచ్చినవి. ఆ దానమును ఉచితముగా పంచిపెట్టక, నగరములలో పాలుగా మార్చి అమ్మి, వచ్చిన ధనముతో సహకార సంఘములను, పాలకర్మాగారములను నిర్మించిరి. చౌకగా వచ్చిన పరాయి పాలు మన పాడిని ముంచివేయకుండ, దానికి పునాదిగా మారుట డాక్టర్ కురియన్ ప్రభృతుల దూరదృష్టి ఫలితము.

1998 నుండి ప్రపంచమున మిక్కిలిగా పాలు ఉత్పత్తి చేయు దేశము మనదే. ఇప్పుడు ఏటికి 20 కోట్ల టన్నులకు మించి ఉత్పత్తి అగుచున్నది. న్యూజిలాండు ఉత్పత్తి దానిలో పదవ వంతు మాత్రమే. కాని మనము ఉత్పత్తి చేసినదానిని మనమే త్రాగుచున్నాము. న్యూజిలాండు తన పాలలో నూటికి తొంబదియైదు వంతులు వెలుపలికి అమ్ముచున్నది. అచ్చట ఒక్కొక్క రైతు మందలో వందల ఆవులుండును. కృష్ణా, గుంటూరు మండలములలోను, నల్లగొండ, కరీంనగరముల పల్లెలలోను పాలకేంద్రమునకు చెంబు పట్టుకొని వచ్చు గృహిణికి ఉండునవి ఒకటి రెండు గేదెలు. ఆ పాలడబ్బుతోనే ఇంటి ఉప్పు పప్పు గడచును, పిల్లల చదువు సాగును. ఈ ఇరువురిని ఒకే సంతలో ఒకే ధరకు నిలుపుట ఎట్లు అనునదే భారత న్యూజిలాండు దేశముల సంప్రదింపులలో ముఖ్యమైన చిక్కు. 2010లో మొదలైన ఆ సంప్రదింపులు 2015 తరువాత నిలిచిపోయెను. 2019లో ఆసియా పసిఫిక్ దేశముల పెద్ద ఒడంబడిక నుండి భారతదేశము వైదొలగుటకు గల కారణములలో పాడిరైతుల భయము ఒకటి. 2025 మార్చిలో సంప్రదింపులు మరల మొదలై, ఆ యేటి డిసెంబరులో ముగిసినట్లు ఉభయ ప్రభుత్వములు ప్రకటించెను. ముఖ్యమైన పాడి సరకులను భారతదేశము తన రాయితీలకు వెలుపలనే ఉంచినది. ఒకనాడు ఐరోపా తన చిన్నరైతును కాపాడుకొనుటకు కట్టిన గోడవంటిదే మనము నేడు కట్టుకొంటిమి. గోడ వెలుపల నిలిచినవాడు అప్పుడును ఇప్పుడును న్యూజిలాండు రైతే.

గోడ మంచిదా, తలుపు మంచిదా అని అడిగినచో ఒక్కమాటలో ఉత్తరము చెప్పుట కష్టము. పట్టణమున వెన్న కొను గృహిణికి తలుపు మేలు. పల్లెలో పాలు పితుకు గృహిణికి గోడ మేలు. ఇరువురును ఒకే దేశపు పౌరులు. ప్రభుత్వములు వారిరువురి తరపునను బేరమాడవలసి యున్నవి. గోడ కట్టుకొన్నవారు దాని నీడలో నిదురింపరాదు. ఆ గడువులో పశువుల జాతిని, మేతను, పాల పరిశుభ్రతను మెఱుగుపఱచుకొన్నచో గోడ తొలగినను భయముండదు. తలుపు తెఱచినవారు, దానివలన నష్టపడువారికి నిలద్రొక్కుకొను కాలమును, సాధనమును చూపవలెను. 1971లో న్యూజిలాండు అడిగినది ఈ రెండే.

ఇకముందు స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడిక యను వార్త వినబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడని శ్రోతలకు మా మనవి. ఏ సరకునకు తలుపు తీసిరి, ఏ సరకునకు తీయలేదు? ఎన్నియేండ్ల గడువు పెట్టిరి? ఆ గడువులో ఎవరికి ఏ సహాయము చేయనున్నారు? ఈ మూడింటికి సమాధానము దొరకినచో, ఆ వేల పుటల ఒడంబడికలో మన యింటికి సంబంధించిన పుట యేదియో తెలిసికొన్నట్లే.